ఓక్ ఆకు చెక్కిన చేయి

మొదటి రోజు

మా బాబాయి చిలకలపూడిలో గిల్టు నగలకు అచ్చులు చెక్కుతాడు. అరచేతిలో ఇమిడే ఉక్కు దిమ్మలోకి మామిడిపిందెనో హంసనో తిరగేసి, లోతుగా తొలుస్తాడు. దానిమీద పలుచని రేకు పెట్టి కొడితే నగ లేచి వస్తుంది. నలభై ఏళ్లుగా అదే పని. ఈ సెప్టెంబరులో నన్ను చూడటానికి జర్మనీలోని ఎర్‌ఫుర్ట్ వచ్చాడు. నాలుగు రోజులు చర్చిలూ వంతెనలూ చూపించాక, "అన్నీ బాగున్నాయమ్మా. కానీ ఈ దేశంలో ఉక్కు చెక్కేవాళ్లు ఎక్కడుంటారు?" అని అడిగాడు. నాకు వెంటనే జూల్ గుర్తొచ్చింది.

జూల్ తూరింగియా అడవుల మధ్య ఉన్న చిన్న ఊరు. పదహారో శతాబ్దం నుంచీ తుపాకుల పనికి పేరు. కొన్నేళ్ల క్రితం అక్కడి మ్యూజియంలో పాత గురి తుపాకులను చూశాను. అప్పటి నుంచి నా మనసు వాటిని వదలలేదు. వాటిని వేట కోసం చేయలేదు, యుద్ధం కోసమూ చేయలేదు. మనిషి నిటారుగా నిలబడి, 175 మీటర్ల దూరంలోని వలయాల నడిమికి సీసపు గుండు పంపే పోటీల కోసం చేశారు. ఊరి గురికాళ్ల సంఘంలో సభ్యుడైన వ్యాపారి, బేకరీ యజమాని, డాక్టరు, ఇలాంటివాళ్లు ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టి అలాంటి తుపాకి చేయించుకునేవారు. మన ఇళ్లలో కాసులపేరు చేయించుకున్నట్టే.

ఎర్‌ఫుర్ట్ నుంచి రైల్లో గంటలోపు ప్రయాణం. ఆర్న్‌స్టాట్ దాటాక కొండలు దగ్గరపడ్డాయి. గేల్‌బెర్గ్, ఓబర్‌హోఫ్ స్టేషన్ల మధ్య రైలు బ్రాండ్‌లైటె సొరంగంలోకి దూరింది. 3,039 మీటర్ల పొడవు, 1884లో తెరిచారు. చీకట్లో బాబాయి కిటికీ అద్దం మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు. బయటికి వచ్చేసరికి రెండు వైపులా నిటారైన ఫర్ చెట్లు, లోయలో పలక రాయి కప్పిన ఇళ్లు.

సాయంత్రం జూల్ మార్కెట్ కూడలిలో నిలబడ్డాం. ఫౌంటెన్ మీద తుపాకుల కమ్మరి విగ్రహం ఉంది. ఒక ఊరు తన నడిబొడ్డున రాజునో సేనాపతినో కాకుండా పనివాణ్ని నిలబెట్టుకోవడం చూసి బాబాయి విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పక్కనే టౌన్‌హాలు. "పచ్చని అడవిలో ఎర్రని ఊరు, తూట్లు పడిన టౌన్‌హాలున్న ఊరు" అని జూల్ గురించి జర్మన్లు చెప్పుకునే మాటొకటి ఉంది. 1920 మార్చిలో, ప్రజాప్రభుత్వాన్ని కూలదోయడానికి జరిగిన కాప్ తిరుగుబాటుకు ఎదురు నిలిచిన కార్మికులు ఇక్కడ సైనికులతో పోరాడారు. ఆ తూట్లు అప్పటివి.

రెండో రోజు

మ్యూజియం ఉన్నది పాత మాల్టు ఇంట్లో. చెక్క దూలాల చట్రం బయటికి కనిపించేలా కట్టిన పదిహేడో శతాబ్దపు కట్టడం. ఒకప్పుడు బీరు కోసం బార్లీని ఇక్కడ మొలకెత్తించేవారు. తలుపు తీసేసరికి పాత కలప వాసన.

జూల్‌కే ఈ విద్య ఎందుకు వచ్చిందో కింది అంతస్తులోనే అర్థమవుతుంది. కొండల్లో ఇనుప ఖనిజం, బొగ్గు కాల్చుకోవడానికి అడవి, సమ్మెటలు తిప్పడానికి లౌటర్, హాజెల్ వాగుల నీరు. ముప్ఫై ఏళ్ల యుద్ధంలో, 1634లో, చక్రవర్తి సేనాని ఇజోలాని సేనలు ఊరిని కాల్చేశాయి. బూడిదలోంచి మళ్లీ కొలుములు పెట్టుకున్నారు. ఆ తరువాతి కథలో 1751లో మొదలైన జావర్, 1840లో మొదలైన హేనెల్, 1856లో మొదలైన సిమ్సన్ అనే తుపాకుల కంపెనీలు కనిపిస్తాయి. సిమ్సన్ ఒక యూదు కుటుంబం. నాజీలు వాళ్ల ఫ్యాక్టరీని బలవంతంగా లాక్కున్నారు, కుటుంబం దేశం విడిచి పారిపోయింది. ఈ ఊరి పనితనాన్ని పొగిడేటప్పుడు ఆ అన్యాయాన్ని దాటేసి వెళ్లడం నాకు చేతకాదు.

ఒక అద్దాల అర దగ్గర బాబాయి ఆగిపోయాడు. గొట్టం పైన అలలు అలలుగా నల్లని, తెల్లని చారలు. "డమాస్కస్" అని రాసి ఉంది. ఇనుప కడ్డీలనూ ఉక్కు కడ్డీలనూ కలిపి, మెలితిప్పి, ఒక ఊచ చుట్టూ చుట్టి, అతికించి చేసిన గొట్టం అది. అసలు డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన ఉక్కు వేరు. అది మూసల్లో కరిగించింది. మన నిజామాబాదు వైపు కోనసముద్రంలో తయారయ్యేది. ఇస్ఫహాన్ వర్తకులు అక్కడికి వచ్చి కొనుక్కునేవారు. ఆ మాట చెబితే బాబాయి, "ఇస్ఫహాన్ నుంచా? మన ఊళ్లో ఆ సంగతి ఎవరికి తెలుసు?" అని నెమ్మదిగా అన్నాడు.

గురి తుపాకులున్న గది పైన ఉంది. నేను బాబాయికి చూపించాలనుకున్న తుపాకి అక్కడే ఉంది. దాని ముందు దాదాపు గంటసేపు నిలబడ్డాం.

ముందు మడమ చూడాలి. భుజానికి ఆనే చోట ఇత్తడి పట్టీ రెండు కొమ్ములుగా వంగి ఉంటుంది. పై కొమ్ము భుజం మీదుగా, కింది కొమ్ము చంక కిందుగా పట్టుకుంటుంది. చెంప ఆనే చోట వాల్‌నట్ కర్రను గిన్నెలా తొలిచారు. గొట్టం కింద ఒక గుండ్రని పిడి ఉంది. ఎడమ మోచేతిని నడుముకు ఆనించి ఆ పిడిని అరచేతిలో నిలబెట్టుకుంటారు. అయిదారు కిలోల బరువును ఒంటి ఎముకల మీద నిలబెట్టడానికి ఇన్ని ఏర్పాట్లు. గొట్టం వెనుక సగం ఎనిమిది పలకలు. పై పలక మీద ఎండ మెరిసి కంటిని చెదరగొట్టకుండా సన్నని గీతలు దగ్గర దగ్గరగా గీశారు. కంటికి ఆనుకునే దగ్గర నాణెమంత బిళ్ల, దాని నడుమ సూదిబెజ్జం.

రెండు ట్రిగ్గర్లు ఉన్నాయి. వెనకది లాగితే లోపల ఒక స్ప్రింగు బిగుసుకుంటుంది. ఆ తరువాత ముందున్నదాన్ని ఈక తాకినట్టు తాకితే చాలు. గట్టిగా లాగితే చెయ్యి కదులుతుంది, గురి తప్పుతుంది. ఆ కదలికను వేలి నుంచి తీసేసి లోపలి మీటలకు అప్పగించారు. మంచి తుపాకుల్లో అలాంటి మీటలు నాలుగైదు వరుసగా ఉంటాయట.

దాని యంత్రం ఐట్ పద్ధతిది. కార్ల్ విల్‌హెల్మ్ ఐట్ 1884లో పేటెంటు తీసుకున్న ఏర్పాటును జూల్‌లోని హేనెల్ తయారు చేసింది. ట్రిగ్గరు చుట్టూ ఉన్న మీటను కిందికి తిప్పితే గొట్టం వెనుక మూత విల్లులాంటి వంపులో కిందికి జారి, గుండు పెట్టే చోటు తెరుచుకుంటుంది. అందులో పెట్టే తూటా పేరు 8.15×46ఆర్. జూల్‌కు చెందిన ఆడోల్ఫ్ ఫ్రోన్ రూపొందించాడు. పోటీగాళ్లు చాలామంది ఒకే ఇత్తడి తూటా తొడుగును చేతిలో ఉంచుకుని, ప్రతిసారీ తామే మందు పోసి సీసపు గుండు అమర్చి మళ్లీ మళ్లీ కాల్చేవారు.

ఇవన్నీ బాబాయి చెవికెక్కాయో లేదో నాకు తెలియదు. ఆయన కళ్లు పక్కపలక మీదే ఉన్నాయి. అక్కడ ఓక్ ఆకులు. చెక్కిన గీతలు కావవి, ఉక్కులోంచి లేచి నిలబడిన ఆకులు. ఒక ఆకు అంచు లోపలికి ముడుచుకుంది, దాని వెనుక ఇంకొకటి తొంగిచూస్తోంది. నడుమ కొమ్ములెత్తిన దుప్పి. ఆకుల మధ్య ఖాళీని కిందికి దించి, సూదిమొనంత చుక్కలతో నింపారు.

"ఇక్కడ చూడమ్మా," అన్నాడు బాబాయి, అద్దానికి వేలు తగలకుండా. "ఈ ఈనె ఆకు చివరికి వచ్చేసరికి వెంట్రుక కంటే సన్నబడి మాయమైంది. అక్కడ ఉలి ఆగలేదు, పైకి లేచింది. ఆపితే మచ్చ పడుతుంది. లేపడం రావడానికి పదేళ్లు పడుతుంది."

కాసేపటికి, "ఎవరు చెక్కారు?" అని అడిగాడు.

పక్కన ఉన్న వివరాల పలక చదివాను. గొట్టం మీద బంగారు అక్షరాల్లో ఉన్న పేరు చదివాను. అది తుపాకి అమ్మిన దుకాణం పేరు. చెక్కినవారి పేరు ఎక్కడా లేదు. పక్క అరలోని తుపాకి చూశాం. దానికీ లేదు. ఆ గదిలో బాబాయి ఒక్కో తుపాకినీ అదే ప్రశ్నతో చూశాడు.

మూడో రోజు

పక్క ఊరు త్సెల్లా-మేలిస్. త్సెల్లా, మేలిస్ అనే రెండు ఊళ్లు 1919లో కలిసి ఒకటయ్యాయి. తుపాకుల కంపెనీల్లో ఆన్‌ష్యూట్స్ 1856లో, వాల్తర్ 1886లో మొదలైంది ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఈ ప్రాంతం సోవియట్ చేతుల్లోకి వెళ్లడంతో రెండూ ఉల్మ్‌లో మళ్లీ కాపురం పెట్టాయి.

పాత తుపాకుల పరీక్షాలయం ఇప్పుడు ఊరి మ్యూజియం. 1891లో జర్మన్ సామ్రాజ్యం ఒక చట్టం చేసింది, 1893 నుంచి అమలు చేసింది. ప్రతి కొత్త తుపాకిలోనూ మామూలు కంటే ఎక్కువ మందు కూరి కాల్చి చూడాలి. పగలకపోతేనే ముద్ర. గొట్టం అడుగున, కర్రలో దాగి ఉండే చోట, కిరీటం కింద ఒక్కో అక్షరం ఉంటుంది. "బి" అంటే కాల్చి పరీక్షించారని, "యు" అంటే కంటితో తనిఖీ చేశారని, "జి" అంటే గొట్టం లోపల మెలికల గాడులు కోశారని. కొన్నింటి మీద పరీక్ష జరిగిన నెల, సంవత్సరం కూడా ఉంటాయి.

"మన హాల్‌మార్కు లాంటిది," అన్నాడు బాబాయి. "లోహం మంచిదో కాదో చెబుతుంది. చెయ్యి ఎవరిదో చెప్పదు."

మధ్యాహ్నం ఇంకొక చోటికి తీసుకెళ్లాను. అచ్చుల్లో ఇనుము కొట్టే పాత కర్మాగారం, ఇప్పుడు సాంకేతిక మ్యూజియం. లోపల మనిషికి రెండింతల ఎత్తు సమ్మెట యంత్రాలు. గోడ పక్కన వరుసగా ఉక్కు దిమ్మలు. ఒక్కోదానిలో ఒక్కో పనిముట్టు తిరగేసిన రూపం. ఎర్రగా కాలిన ఇనుమును కింది అచ్చు మీద పెట్టి, పై అచ్చు ఉన్న సమ్మెటను వదిలితే రూపం వచ్చేస్తుంది. బాబాయి ఒక దిమ్మ ముందు కూర్చుని లోపలి వంపును బొటనవేలితో తడిమాడు. నేను ఈ దేశంలో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను. ఆయన ముఖంలో ఇంటికి వచ్చినంత నెమ్మది చూసింది ఆ షెడ్డులోనే.

"నాది అరచేతిలో పడుతుంది. దీన్ని ఎత్తడానికి నలుగురు కావాలి. పని మాత్రం ఒకటే," అన్నాడు.

నాలుగో రోజు

తెలిసినవారి ద్వారా జూల్‌లో ఒక నగిషీ పనిమనిషి దగ్గరికి వెళ్లే అవకాశం దొరికింది. ఆమెకు యాభై దాటాయి. ఈ ఊరి వృత్తి విద్యాలయంలోనే నేర్చుకున్నారు. తుపాకుల తయారీనీ లోహం మీద చెక్కడాన్నీ ఇప్పటికీ బళ్లో నేర్పుతారిక్కడ. కిటికీ పక్కన బల్ల, దానిమీద తోలు కుదురులో బండరాయంత ఇనుప గుండు. గుండు పైభాగం చీలి ఉంది, ఆ చీలికలో పనిముక్కను బిగిస్తారు. ఒక చేత్తో గుండును తిప్పుతూ, రెండో చేత్తో ఉలి పట్టుకుంటారు. వంపు కావాలంటే ఉలిని తిప్పరు, పనినే ఉలి కిందికి తిప్పుతారు.

"మేం లక్కలో బిగిస్తాం," అన్నాడు బాబాయి. నేను జర్మన్‌లో చెప్పాను. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. రేకు పనికి తామూ తారులాంటి ముద్ద వాడతామని చెప్పి, అలమరలోంచి తీసి చూపించారు. అక్కడి నుంచి వాళ్లిద్దరికీ నా అనువాదం సగమే అవసరమైంది.

ఆమె ఒక ఉక్కు ముక్కకు తెల్లని రంగు పూసి, సూదితో ఆకు గీశారు. ఆ తరువాత పిడికిలిలో పట్టేంత సుత్తితో ఉలిని తట్టడం మొదలుపెట్టారు. టిక్, టిక్, టిక్. దెబ్బ వెనుక దెబ్బ, అన్నీ ఒకే బరువు. ఉలి ముందు ఉక్కు తీగలా చుట్టుకుంటూ లేచింది. నిమిషానికొకసారి ఆగి ఉలిని నూనె రాయి మీద నూరుకున్నారు. పదును కోణం ఏ కాస్త మారినా గీత అంచు చిరుగుతుందట. ఒక్క ఆకు చుట్టుగీతకే ఇరవై నిమిషాలు పట్టింది. చుట్టూ నేలను దించడం, చుక్కలు కొట్టడం, ఆకును వంపులుగా మలచడం ఇంకా మిగిలే ఉన్నాయి.

చెక్కిన తరువాత చేసే పనిని ఆమె ప్రత్యేకంగా వివరించారు. పక్కపలకలను ఎముకల బొగ్గు, తోలు బొగ్గు నింపిన పెట్టెలో కూరి, ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా నీళ్లలో ముంచుతారు. బొగ్గులోని కర్బనం పైపొరలోకి ఇంకి, ఆ పొర గాజులా గట్టిపడుతుంది. నీలం, గోధుమ, బూడిద రంగుల మబ్బులు కూడా అప్పుడే వస్తాయి. "ఆ తరువాత ఉలి దిగదు. తప్పు దిద్దుకోవడానికి వీల్లేదు," అన్నారు.

బాబాయి తల ఊపాడు. తన అచ్చులూ అంతే. చెక్కడం మెత్తటి ఉక్కులో, గట్టిపరచడం చివర్లో. తరువాత ఆయన చెప్పింది నేను అంతకుముందు వినలేదు. "ఫ్యాషన్ మారిపోతే ఆ అచ్చును మళ్లీ కాల్చి మెత్తబరుస్తాను. పైన అరగదీసి, అదే దిమ్మ మీద కొత్తది చెక్కుతాను. మంచి ఉక్కు పారెయ్యలేం కదా. మా నాన్న చెక్కిన హంస మీద నేను పూలగుత్తి చెక్కాను."

నేను దాన్ని అనువదించడానికి కాసేపు పట్టింది. ఆమె సుత్తి కింద పెట్టారు.

పేర్ల సంగతి నేనే అడిగాను. పాత రోజుల్లో జూల్‌లో గొట్టం ఒక ఇంట్లో, యంత్రం ఇంకొక ఇంట్లో, కర్ర వేరొక ఇంట్లో తయారయ్యేవి. చెక్కేవారి ఇల్లు ఆ దారిలో ఒక మజిలీ. చివర్లో అన్నిటినీ కలిపి అమ్మినవారి పేరే గొట్టం మీద పడేది. ఇప్పుడు కొందరు సంతకం చేస్తున్నారట. "మా గురువుగారు మాత్రం పాత తుపాకి చేతికిస్తే, ఇది ఫలానావారి బల్ల మీది పని అని చెప్పేవారు. ఆకు ముడత చివర ఎవరికి వారిదే," అన్నారామె.

లేవబోయే ముందు అదే ముక్కనూ ఉలినీ బాబాయికి అందించారు. ఆయన చెప్పులు విడిచి, కళ్లజోడు సర్దుకుని, ఉలికి ఒకసారి నమస్కరించి కూర్చున్నాడు. ఆ ఇనుప గుండు ఆయనకు కొత్త. మొదటి రెండు గీతలు వెతుక్కుంటూ సాగాయి. మూడో దానికి ఎడమచెయ్యి గుండును తిప్పే లయ పట్టుకుంది. ఆమె ఆకు పక్కన మామిడిపిందె లేచింది. చివర ముక్కు దగ్గర ఉలి గాల్లోకి లేవడం నేను కళ్లారా చూశాను. ఆమె భూతద్దం పెట్టి ఆ చివరనే చూసి, "అదే, అదే," అన్నారు.

అయిదో రోజు

గోటాకు అరపూట. 1861 జూలై 11న జర్మన్ గురికాళ్ల సమాఖ్య పుట్టింది ఇక్కడే. అప్పటికి జర్మనీ అనే ఒక్క దేశం లేదు, ముక్కచెక్కలుగా రాజ్యాలే. సాక్స్-కోబుర్గ్-గోటా డ్యూకు రెండో ఎర్న్‌స్ట్ అండతో ఆ రాజ్యాలన్నింటి నుంచీ పోటీగాళ్లు ఒక మైదానంలో చేరారు. మరుసటి ఏడు, 1862లో, ఫ్రాంక్‌ఫుర్ట్‌లో మొదటి మహోత్సవం. దేశం ఒకటి కావడానికి పదేళ్ల ముందే వీళ్లు ఒకటయ్యారు. రెండు రోజులుగా చూసిన ఆ ఓక్ ఆకులు, జర్మన్లు తమ ఐక్యతకు గుర్తుగా చెప్పుకున్న చెట్టువి. అవి అంత విరివిగా ఎందుకు చెక్కించుకున్నారో ఫ్రీడెన్‌స్టైన్ కోట తోటలో నడుస్తుంటే నాకు తట్టింది. వాన మొదలవడంతో స్టేషనుకు తిరిగొచ్చాం.

ఆరో రోజు

ఎర్‌ఫుర్ట్ నుంచి కొత్త లైను మీద వేగపు రైలు కోబుర్గ్‌కు నలభై నిమిషాల్లో చేర్చింది. ఊరి కూడలిలో పైన్ కాయల నిప్పు మీద సాసేజ్‌లు కాలుస్తున్నారు. బాబాయి శాకాహారి. ఆ కాయల పొగ వాసన బాగుందని మాత్రం అన్నాడు.

ఊరి బయట కొండ మీద కాలెన్‌బెర్గ్ కోట. అందులో 2004 నుంచి జర్మన్ గురికాళ్ల మ్యూజియం ఉంది. ఇక్కడ తుపాకుల కంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి గురి పలకలు. చక్రంలాంటి చెక్క మీద నూనె రంగుల్లో ఊరి దృశ్యం, పెళ్లి ఊరేగింపు, జింకలు. అంత శ్రద్ధగా వేసిన బొమ్మ మీదే పోటీలో గుళ్లు దిగాయి. గెలిచినవాడు తూట్లతో సహా ఆ పలకను గోడకు వేలాడదీసుకునేవాడు. పక్కన గురికాళ్ల రాజు వేసుకునే గొలుసులు. ప్రతి ఏటి విజేతా తన పేరు చెక్కించిన వెండి బిళ్ల ఒకటి దానికి చేరుస్తాడు. బిళ్లలు పెరిగి పెరిగి గొలుసు ఛాతీ అంతా కప్పేస్తుంది.

ఒక మూల బవేరియా వాళ్ల గది తుపాకి. చలికాలంలో సత్రం లోపలే 15 మీటర్ల దూరానికి కాల్చేది. గుండు కేవలం 4 మిల్లీమీటర్లు, మన మిరియపు గింజంత. పొడవాటి గొట్టం చాలావరకు తొడుగే, అసలు గొట్టం ముందు చివర జానెడు మాత్రమే. గుండు పెట్టే కిటికీ కూడా అక్కడే. అంత చిన్నదానికీ పక్కపలకల నిండా నగిషీ ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత విజేతల సైన్యాలు ఈ సంఘాలను రద్దు చేసి తుపాకులను స్వాధీనం చేసుకున్నాయి. ఎన్నో నాశనమయ్యాయి. ఎన్నో అమెరికా సైనికుల సామానులో సముద్రం దాటి వెళ్లాయి. సమాఖ్య 1951లో మళ్లీ లేచింది. ఇవాళ దాని సభ్యులు పదమూడు లక్షలకు పైనే.

బాబాయి గొలుసుల దగ్గరే ఉండిపోయాడు. వెనక్కి వెళ్లేసరికి బిళ్లల మీది పేర్లు కూడబలుక్కుని చదువుతున్నాడు. "గెలిచినవాళ్లందరి పేర్లూ ఉన్నాయి. ఈ పేర్లు చెక్కినవాడిది లేదు," అన్నాడు. కోపంగా అనలేదు. లెక్క సరిచూసుకున్నట్టు అన్నాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని నా దగ్గర పెన్సిలు అడిగాడు. ఉక్కు ముక్క సంచిలోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆకు, పిందె పక్కపక్కన.

"ఇంటికెళ్లాక ఓక్ ఆకుకు అచ్చు చేస్తానమ్మా. చెవులకు పెట్టుకునేంత."

"చిలకలపూడిలో దాన్ని ఎవరు కొంటారు బాబాయ్?"

"కొనకపోతే కొట్లో ఉంటుంది. దీన్ని మాత్రం అరగదీయను."

మ్యూజియం టికెట్టు వెనుక గీయడం మొదలుపెట్టాడు. తుపాకి మీద ఆ ఆకు కొన కుడివైపుకు ఉంది. బాబాయి, అచ్చులో ఉండాల్సినట్టు, ఎడమవైపుకు తిప్పి గీశాడు.